సువార్తమ్మ టీచరు రాయి మీద రెండు తేదీలు

ఈ కింద రాసిన ప్రతి ముక్కా నిజం. ఉలి పట్టిన ఎడమ చేతి మీద ఒట్టు, సుత్తి పట్టిన కుడి చేతి మీద ఒట్టు, ఆ సుత్తిని ముప్పై రెండేళ్ళు ఎత్తి దించి ఇప్పుడు తల దువ్వుకోవడానికి కూడా లేవనని మొరాయిస్తున్న కుడి భుజం మీద ఒట్టు. ఇంతకంటే పెద్దవాటి మీద వేసేవాణ్ణే గానీ, అసలు ఒట్టే పెట్టుకోకూడదని మా పాస్టరుగారు ప్రతి ఆదివారం చెబుతారు. అందుకని సొంత సామాను మీద మాత్రమే వేసుకుంటున్నాను.

నా పేరు ప్రసాదు. ఒంగోలు బైపాసు పక్కన ఒక రేకుల షెడ్డులో క్రైస్తవుల సమాధులకు రాళ్ళు చెక్కి బతికాను. ఇటు చీరాల, అటు పొదిలి, పైకి గుంటూరు దాకా ఏ సమాధుల తోటకు వెళ్ళినా నా చేతి అక్షరాలు నాలుగు రాళ్ళ మీదైనా కనపడతాయి. రాళ్ళు కొన్నవాళ్ళు నన్ను రాళ్ళ ప్రసాదు అనేవాళ్ళు. రాయి తయారయ్యేదాకా కూర్చుని నా మాటలు విన్నవాళ్ళు కోతల ప్రసాదు అనేవాళ్ళు. నేనెప్పుడూ నొచ్చుకోలేదు.

యాభై ఆరేళ్ళకే పని మానేశాను. భుజం ఒక కారణం, కంప్యూటరు మిషను రెండో కారణం. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఉలి అక్కర్లేదు, మౌసు చాలు. వాళ్ళు వచ్చి "బాబాయ్, ఇందులో మెళకువలేంటి?" అని అడుగుతుంటారు. అక్షరం ఎంత లోతుండాలో, వెండి రంగు ఎంత పట్టాలో మిషనే చెబుతుంది. మిషనుకు తెలియనివి కొన్ని ఉన్నాయి. అవి రాస్తున్నాను.

కోటయ్య మేస్త్రి

నాకు పని నేర్పినవాడు కోటయ్య మేస్త్రి. ఆయన క్రైస్తవుడు కాదు. నుదుటిన విభూతి లేకుండా సుత్తి ముట్టేవాడు కాదు. తాతల నాటి నుంచి రోళ్ళు, తిరగళ్ళు చెక్కే ఇల్లు వాళ్ళది. ఇంటింటికీ మిక్సీలు వచ్చి రోళ్ళు అడిగేవాళ్ళు లేకపోయేసరికి సమాధి రాళ్ళకు మళ్ళాడు. ఎందుకని అడిగితే, "జనం రుబ్బుకోడం మానేశార్రా, చావడం మాన్లా" అన్నాడు.

ఆయన నాకు మొదట నేర్పింది చదవడం. ఇంటివాళ్ళు రాసి తెచ్చిన కాగితాన్ని మూడుసార్లు చదివించేవాడు. మూడోసారి కింది నుంచి పైకి. "కాయితం మీద తప్పయితే కొట్టేయొచ్చు. రాయి మీద పడ్డ దెబ్బ ఎనక్కి రాదు" అనేవాడు.

రెండోది అడగడం. రాయి చేయించడానికి వచ్చినవాళ్ళు కుర్చీలో బిర్రబిగుసుకుని కూర్చుంటారు. వాళ్ళను ఏమడగాలో ఆయన చెప్పాడు.

"ఎట్టా పోయాడని అడగబాక. అది ఊరంతా అడిగే ఉంటారు. ఏ కూరంటే ఇష్టమో అడుగు."

ముప్పై రెండేళ్ళు అడిగాను. గోంగూర అన్నవాళ్ళు ఏడ్చారు, చేపల పులుసు అన్నవాళ్ళు నవ్వి ఏడ్చారు. ఆ తరవాత చెప్పే పేర్లూ తేదీలూ ఒక్కటి కూడా తప్పు ఉండవు. మిషను ముందు కూర్చునేవాళ్ళు కూడా ఈ ప్రశ్న మానకండి.

మూడోది, పొగడ్తల సంగతి. ఒక హెడ్మాస్టరుగారు పోయారు. ఆయన బడిలో గట్టిగా అరిస్తే పక్కూరి బడిలో పిల్లలు లేచి నిలబడేవాళ్ళు. ఇంటివాళ్ళు పేరు కింద "శాంతమూర్తి" అని చెక్కమని రాసిచ్చారు. నేను ఉలి పక్కన పెట్టి, ఇది నా చేత కాదు మేస్త్రీ, అన్నాను. కోటయ్య కాగితం చూసి, "చెక్కరా. ఇప్పుడు శాంతంగానే ఉన్నాడుగా" అన్నాడు.

ఇక గిత్త సంగతి. షెడ్డు ముందు మెరుగు పట్టిన నల్లరాయి ఒకటి నిలబెట్టాం. అద్దం కన్నా నయంగా మెరిసేది. పందేలకు తీసుకుపోతున్న ఒంగోలు గిత్త ఒకటి దాన్లో తన్ను తాను చూసుకుంది. మూపురం ఎగరేసింది, ఎదుటిదీ ఎగరేసింది. కాలు దువ్వింది, అదీ దువ్వింది. పావుగంట సేపు ఎదురూబొదురూ నిలబడి, చివరికి అసలు గిత్తే సిగ్గుపడి తల దించుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులు మేత ముట్టలేదని యజమాని వచ్చి మాతో తగాదా పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ రాయి మొహం గోడవైపు తిప్పి పెట్టేవాళ్ళం. నమ్మనివాళ్ళు పైన వేసిన ఒట్టు మళ్ళీ చదువుకోవచ్చు.

ఖాళీ జాగా

ఈ పనిలో అసలు కష్టం జంట రాయి. భార్యాభర్తల్లో ఒకరు పోతే, మిగిలినవాళ్ళు ఇద్దరికీ కలిపి ఒకే రాయి చేయిస్తారు. ఎడమ సగంలో పోయినవాళ్ళ పేరు, జననం, ప్రభువునందు నిద్రించిన తేదీ. కుడి సగంలో బతికున్నవాళ్ళ పేరు, జననం. దాని కింద "ప్రభువునందు నిద్రించినది" అని చెక్కి, పక్కన జానెడు జాగా ఖాళీగా వదిలేస్తాం. నవంబరులో సమాధుల పండగకు అందరూ సున్నాలు వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు కదా, అప్పుడు చూడండి. జంట రాయి ముందు నిలబడ్డ మనిషి ఎడమ సగాన్నే చూస్తాడు. పూలన్నీ కుడి సగం మీద, సరిగ్గా ఆ ఖాళీ కనపడకుండా పెడతాడు.

మాకు తెలిసిన పాస్టరుగారు ఒకాయన ఉండేవారు. పరలోకం గురించి రెండు గంటలు మాట్లాడేవారు, మైకు బాగుంటే మూడు. అక్కడి వీధులు ఆయన నిన్నే చూసొచ్చినట్టు చెప్పేవారు. ఆయన భార్య పోయినప్పుడు రాయికి వచ్చారు.

"జంట రాయి చేయమంటారా అయ్యగారూ? పక్కన మీ పేరు కూడా…" అన్నాను.

ఆయన మొహాన చెమటలు పట్టాయి. "ఇప్పుడేం తొందర బాబూ! సేవ చాలా మిగిలి ఉంది" అని, చెప్పులు కూడా మర్చిపోయి ఆటో ఎక్కేశారు.

అందరికీ పరలోకం కావాలి, రాయి మాత్రం ఎవరికీ వద్దు. నేనేమన్నా తక్కువా? మనకీ ఒక జంట రాయి తీసి పక్కన పెట్టవయ్యా అని మా ఆవిడ అడిగితే, మంచి రాయి దొరకలేదని పదిహేనేళ్ళు వాయిదా వేశాను. షెడ్డు నిండా రాళ్ళే.

ఆ ఖాళీ వైపు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసిన మనిషి నా సర్వీసులో ఒక్కరే. సువార్తమ్మ టీచరు.

చీరాల దారిలో ఒక ఊరు ఆవిడది. డెబ్భై దాటాయి. చిన్న ఎత్తు, గట్టి గొంతు, భుజాన ఎప్పుడూ ఒక గుడ్డ సంచీ. భర్త జకరయ్య మాస్టారు పోయిన రెండు నెలలకు జంట రాయి కోసం వచ్చింది.

"నా పేరు పక్కన ఎంత జాగా వదుల్తావు?" అంది.

"జానెడు వదుల్తానమ్మా."

"ఎందుకంత? తేదీయేగా, కథ కాదుగా. కాస్త తగ్గించి మాస్టారి పేరు పెద్దది చెయ్యి."

చనిపోవడం గురించి కరెంటు బిల్లు గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. భయంగా ఉండదా అమ్మా అని ఒకసారి అడిగాను. "బడికి ఇన్‌స్పెక్టరు ఏ రోజొస్తాడో తెలీనప్పుడు ఏం చేస్తామయ్యా? రోజూ బల్లలు తుడుచుకుని, రోజూ పాఠం చెప్పుకుంటాం. వచ్చే ఆయన ఎటూ మనకి తెలిసినాయనే. భయమెందుకు?" అంది.

నేను అలవాటు ప్రకారం, మాస్టారికి ఏ కూర ఇష్టం అని అడిగాను. "వేట మాంసం" అంది. అని, మొహం తిప్పేసుకుంది. మాస్టారి కోసం ఏడుస్తుందేమో అనుకున్నాను. కాదు. తమ్ముడి కోసం.

ముక్కలు పడని పళ్ళెం

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

అప్పటికి పన్నెండేళ్ళ కిందట వాళ్ళ చర్చికి కొత్త స్లాబు వేసి, ఆ సందర్భంగా సంఘమంతటికీ ప్రేమవిందు పెట్టారు. మా వైపు ప్రేమవిందుకు ఎవరి పళ్ళెం వాళ్ళే తెచ్చుకోవాలి. కూర వడ్డించే గరిటె టీచరమ్మ చేతిలో ఉంది. ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు దానియేలు, అప్పట్లో ఆ ఊళ్ళోనే మిరప కౌలు చేసేవాడు. ఆ ఏడు చేనంతా బొబ్బర తెగులు కొట్టి ఆకు ముడుచుకుపోయింది. కల్లంలో ఎండబోయడానికి కాయ లేదు. స్లాబుకు చందా కూడా ఇవ్వలేకపోయాడు. సిగ్గుపడుతూ ఆఖరి పంక్తిలో కూర్చున్నాడు. అక్కడికి వచ్చేసరికి డేగిశాలో పులుసూ, ఒక ఎముకా మిగిలాయి.

"ఏందక్కా, తమ్ముడికి ముక్కలెయ్యవా?" అని నవ్వుతూనే అడిగాడు.

పొద్దుట్నుంచీ నిలబడి వడ్డిస్తున్న విసుగులో ఉన్న టీచరమ్మ నోరు జారింది. "చందా ఇయ్యనోళ్ళకి ముక్కలెక్కడ్నించొస్తయిరా?"

పంక్తి పంక్తంతా నవ్వింది.

దానియేలు లేచాడు. పళ్ళాన్ని చర్చి మెట్టుకేసి కొట్టాడు. అంచు సొట్ట పోయింది. మళ్ళీ దాన్నే తీసుకుని, "నీ మట్టికొస్తా. అంతకుముందు నీ గడప తొక్కితే నేను మనిషినే కాదు" అని వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే ఊరు వదిలి పెదకాకాని వైపు వెళ్ళి అక్కడ కౌలుకు చేసుకుంటున్నాడు. టీచరమ్మ ఉత్తరాలు రాసింది, మనుషుల్ని పంపింది, ఒకసారి తనే బస్సెక్కి వెళ్ళింది. చేలో పని ఉందని కబురు పంపాడు గానీ ఎదటపడలేదు. చివరికి బావ జకరయ్య మాస్టారు పోతే నేరుగా సమాధుల తోటకు వచ్చి, మట్టి వేసి, ఇంటికి రాకుండా అట్నుంచి అటే వెళ్ళిపోయాడు.

"మంచిచెడ్డలు తెలిసిన మనిషివి, నువ్వే చెప్పు ప్రసాదూ" అంది. "పరలోకంలోనూ విందు ఉంటదంటారుగా. నాకెటూ చేతిలో గరిటె లేనిదే తోచదు. నేను వడ్డిస్తూ ఉంటే వీడు పళ్ళెం పట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు. ఏ మొహంతో వెయ్యమంటావు?"

అందరూ తమ్ముణ్ణి కలుసుకోవడానికి బతికుండాలనుకుంటారు. ఈవిడ దిగులు పోయిన తరవాత కలుసుకోవాల్సి వస్తుందని.

నా పొరపాటు

సమాధుల పండగ ముందు మాకు ఊపిరాడదు. ఆ వారం షెడ్డులో తొమ్మిది రాళ్ళున్నాయి. మేము ఆర్డరు కాగితాల అడుగున, రాయి ఎప్పటికి ఇవ్వాలో ఆ తేదీ రాసుకుంటాం. ఫిబ్రవరిలో ఇవ్వాల్సిన మరో రాయి కాగితం, టీచరమ్మ కాగితం ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కింది నుంచి పైకి చదవమన్న కోటయ్య మాట ఆ ఒక్క రోజు మరిచాను. సువార్తమ్మ పేరు పక్కన ఖాళీగా వదలాల్సిన చోట, రాబోయే ఫిబ్రవరిలో ఒక తేదీ శుభ్రంగా చెక్కి, వెండి రంగు నింపేశాను.

పండగ నాడు మధ్యాహ్నం ఊరంతా తోటలో ఉండగా రాయి మీద గుడ్డ తీశారు. ముందు ఎవరూ గమనించలేదు. ఆ ఊరి పాస్టరుగారు గట్టిగా చదవడం మొదలుపెట్టి, కుడి సగానికి వచ్చేసరికి ఆగిపోయారు. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది.

"అక్షరాలు బాగా కుదిరినయ్" అంది.

అప్పుడు మొదలైంది గోల.

"ఓరి నీ చేతులిరగ! బతికున్న మనిషికి తేదీ ఏస్తావా?"

"దిష్టి తగిలిద్ది, పగలగొట్టండ్రా ఆ రాయి!"

"రాళ్ళోడా, కోతలు కోస్తావంటే ఏందో అనుకున్నా, పేణాలు కూడా కోస్తావా?"

నేను అందరి కాళ్ళూ పట్టుకున్నంత పని చేసి, కాగితాలు తారుమారైన కథ చెప్పాను. టీచరమ్మ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. "ప్రసాదుని ఒక్క మాట అనబాకండి. అతని తప్పేమీ లేదు. రాయి అట్టాగే ఉండనీండి" అంది. అంత క్షమాగుణం తమ సంఘంలో ఇంకెవరికీ లేదని పాస్టరుగారు అక్కడికక్కడే ప్రార్థన చేశారు. అప్పటికే ఎవరో రాయి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేశారు. సాయంత్రానికి అది గుంటూరు దాటి పెదకాకాని చేరింది.

ఆ మూడు నెలల్లో ఊళ్ళో జరిగినవి చూసి తీరాలి. టీచరమ్మ రోజు ఎప్పటిలాగే సాగింది. పొద్దున్నే ప్రార్థన, తరవాత కరివేపాకు చెట్టుకు నీళ్ళు, సాయంత్రం అరుగు మీద పిల్లలకు లెక్కలు. మారింది మిగిలినవాళ్ళు. ఆవిడ దగ్గర తీసుకెళ్ళిన స్టీలు క్యారేజీలు, రుబ్బురోలు పొత్రం, ఒక గొడుగు వాటంతటవే ఇల్లు చేరాయి. పక్కింటివాళ్ళ కోడి ఈవిడ పెరట్లో గుడ్లు పెడితే, ఆ గుడ్లు మీవేనండీ అని ఒప్పుకున్నారు. పాటల పుస్తకం కోసం ఎనిమిదేళ్ళుగా మాట్లాడుకోని ఇద్దరు ఆడవాళ్ళు, ఎందుకైనా మంచిదని మాట్లాడుకున్నారు. టీచరమ్మ తేదీ దగ్గర పడుతున్నదని ఊరంతా సర్దుకోవడం మొదలుపెట్టింది. సర్దుకోవాల్సిన పని లేకుండా ఉన్నది ఆవిడొక్కతే.

నేను వారం వారం వెళ్ళి బతిమాలేవాణ్ణి. "అమ్మా, కొత్త రాయి ఇస్తాను. నిజంగా ఆ రోజు మీకేదన్నా అయితే నా దగ్గర ఎవడూ రాయి చేయించుకోడు."

"ఎందుకు చేయించుకోరు? ముందే తేదీ చెప్పే మేస్త్రివని లైను కడతారు" అని నవ్వేది.

ఆ రోజు

ఆ తేదీన నేను పొద్దున్నే ఆవిడ వాకిట్లో ఉన్నాను. నాకంటే ముందు యాభై మంది ఉన్నారు. పాస్టరుగారు ఒక ప్రసంగం రాసుకుని జేబులో పెట్టుకొచ్చారు. షామియానా వాడు బండి వీధి చివర ఆపి, దించాలా వద్దా అని చూస్తున్నాడు. కుర్చీలేసుకున్న ముసలాళ్ళు ఇద్దరు బిర్యానీ పందెం కాసుకున్నారని విన్నాను, పేర్లు రాయను.

టీచరమ్మ పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిశా పెట్టి వేట మాంసం వండుతోంది.

"ఏందమ్మా ఇది?" అన్నారు పాస్టరుగారు.

"కూరండి."

"ఎవరికి?"

"వచ్చినోళ్ళకి."

పదకొండు దాటాక వీధిలో మోపెడ్ చప్పుడయింది. ముందు మనిషి రాలేదు, మిరప ఘాటు వచ్చింది. కల్లంలో నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా ఎర్రటి దుమ్ము. వాకిట్లో వాళ్ళంతా వరసగా తుమ్మడం మొదలుపెట్టారు. పాస్టరుగారు ఏడుసార్లు తుమ్మారు. దానియేలు మోపెడ్ స్టాండు వేసి, హ్యాండిలుకు తగిలించిన సంచీ అలాగే ఉంచి, తువ్వాలు మూట ఒకటి చేత్తో పట్టుకుని గడప ముందు నిలబడ్డాడు.

టీచరమ్మ గరిటెతోనే బయటికొచ్చింది.

"బతికే ఉన్నావా?" అన్నాడు.

"పొద్దు పోలేదుగా. ఏందా మూట?"

"మట్టి. నా చేలోది. మట్టికొస్తానన్నా, వచ్చా."

"మాట మీద నిలబడ్డావు. మరి కూర్చో, ఆలస్యమైతే కూర చల్లారిద్ది."

ఆయన కదల్లేదు. టీచరమ్మ మా అందరి వైపూ తిరిగింది. బడిలో హాజరు పిలిచే గొంతు.

"ఆ రోజు అందరి ముందూ అన్నాను. అందుకని ఇవాళ అందరి ముందూ చెప్తున్నా. పంట పోయి, సిగ్గుతో వచ్చి కూర్చున్న తమ్ముడికి ముక్క వెయ్యకపోగా మాట వేశాను. అలిసిపోయి అన్నానని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నా. అలిసి కాదు. పొగరెక్కి అన్నా. తప్పు నాది. దానియేలూ, నన్ను క్షమించరా."

తుమ్ములు మాత్రం ఆగలేదు. దానియేలు కళ్ళు తుడుచుకున్నాడు. "ఎదవ మిరప దుమ్ము" అన్నాడు.

"పళ్ళెం తేండమ్మా ఎవరన్నా" అని ఎవరో కేకేశారు. ఈలోగా దానియేలే మోపెడ్ దగ్గరకు వెళ్ళి, సంచీలో నుంచి అంచు సొట్ట పోయిన స్టీలు పళ్ళెం తీసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చేలో అన్నం తినే మనిషి, వెంట ఉంచుకున్నాడేమో అనుకున్నాను. టీచరమ్మ వడ్డించింది. ముక్క తరవాత ముక్క, ముక్క తరవాత ముక్క. అన్నం కనపడటం మానేసింది.

"చాలక్కా."

"నోర్మూసుకుని తిను. పన్నెండేళ్ళవి బాకీ."

చేలో మట్టి కరివేపాకు చెట్టు మొదట్లో పోశారు. షామియానా బండి వెనక్కి తిరిగింది. ప్రసంగం జేబులోనే ఉండిపోయింది. బిర్యానీ పందెం ఓడిన ముసలాయన అంత సంతోషంగా ఓడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ ఇంకా మూడేళ్ళు బతికింది. ప్రతి ఆదివారం తమ్ముడు వచ్చి తినిపోయేవాడు. కిందటేడు వానాకాలంలో, పిల్లలకు లెక్కలు చెప్పి, బల్ల తుడిచి, కాసేపు పడుకుంటానని పడుకుంది. అంతే.

ఒప్పుకోలు

ఇందులో నేను కల్పించినది ఒకటి ఉంది. మీరంతా గిత్త అనుకుంటున్నారు. గిత్త నిజం.

అబద్ధం నా పొరపాటు. కాగితాలు తారుమారు కాలేదు. ముప్పై రెండేళ్ళలో రాయి మీద నేను ఒక్క తప్పూ చెక్కలేదు. ఈ వాక్యం రాసుకోవడానికి ఎన్నేళ్ళు నోరు కట్టుకున్నానో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

పండగకు రెండు వారాల ముందు టీచరమ్మ మళ్ళీ షెడ్డుకు వచ్చింది. గుడ్డ సంచీలోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టింది. గుండ్రటి దస్తూరీలో ఆ ఫిబ్రవరి తేదీ.

"ఇది ఖాళీలో చెక్కు."

"అమ్మా, ఈ రోజు ఇంకా రాలేదుగా?"

"వస్తదిగా."

"ఆ రోజుకి మీరు…"

"పోతే రాయి తయారుగా ఉంటది. పోకపోతే మట్టికొస్తానన్నోడు వస్తాడు. ఏది జరిగినా నాకు పోయేదేముంది?"

"మరి ఎవరన్నా అడిగితే ఏం చెప్తారు?"

"నేను అబద్ధం చెప్పను. జన్మంతా పిల్లలకి వద్దని చెప్పినదాన్ని. నన్నెవరూ అడక్కముందే నువ్వే ఏదో ఒకటి చెప్పెయ్యి. ఒంగోల్లో ఇంతమంది మేస్త్రులుండగా నీ దగ్గరికే ఎందుకొచ్చాననుకున్నావు?"

తను పోయేదాకా ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంది. మూడేళ్ళు తప్పు చెక్కిన మేస్త్రిగా బతికాను. ఆ తోటలో అందరి ముందూ "అతని తప్పేమీ లేదు" అని ఆవిడ అన్నది క్షమాగుణం కాదు, నిఖార్సయిన నిజం. అబద్ధమంతా నాది. దాని లెక్క పైన నేనే చెప్పుకోవాలి. ఆవిడ గరిటె పట్టుకుని అక్కడే ఉంటుంది గనక కాస్త సాక్ష్యం చెబుతుందనే ధైర్యం.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. కాగితం మూడుసార్లు చదవండి. ఏ కూర ఇష్టమో అడగండి. ఖాళీ జాగా మీద పూలు పెట్టేవాళ్ళను చూసి నవ్వకండి, ముందు మీది చూసుకోండి. మా ఆవిడతో కిందటి వారమే చెప్పాను, మంచి రాయి దొరికిందని.

ఆవిడ పోయాక అసలు తేదీ చెక్కించడానికి దానియేలు షెడ్డుకు వచ్చాడు. నాకది ఆఖరి రాయి. భుజం లేవకపోయినా నేనే చెక్కాను.

"పై తేదీ చెరపబాక మేస్త్రీ. అసలుది దాని కింద చెక్కు" అన్నాడు.

ఇక చెప్పేయొచ్చు కదా అని నేను గొంతు సవరించుకున్నాను. "దానియేలుగారూ, ఆ పై తేదీ పొరపాటు కాదండీ. అది…"

"నాకు తెల్సు. అది స్లాబు ప్రేమవిందు రోజు. ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు, నాకుంది. ఫొటోలో చూడగానే అనుకున్నా, అక్కకీ ఉందని. రమ్మంటంది అనుకున్నా."

ఆ తేదీ ఏమిటో ఆవిడ నాకు కూడా చెప్పలేదు.

"మరి మట్టి తెచ్చారుగా?"

"మట్టికొస్తానని ఒట్టేశా. మాట పోకూడదని తెచ్చా."

ఆయన రాయి మీద దుమ్ము అరచేత్తో తుడిచి, నా వైపు జాలిగా చూశాడు.

"నిజంగా మట్టి వెయ్యడానికొచ్చేవాడు ఎవడన్నా పళ్ళెం తెచ్చుకుంటాడా మేస్త్రీ?"